ముందు వారం, తర్వాత గ్రూపు

ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకే సంగారెడ్డి, పటాన్‌చెరు, సదాశివపేట, జోగిపేటల్లోని నెట్ సెంటర్లలో దోస్త్ రిజిస్ట్రేషన్ల రద్దీ మొదలవుతుంది. 2016లో వచ్చిన ఈ ఆన్‌లైన్ పద్ధతి వల్ల డిగ్రీ సీటు కోసం కాలేజీ కాలేజీకీ తిరిగి దరఖాస్తులు పెట్టుకునే బాధ తప్పింది. అది మంచిదే. కానీ మూడేళ్ల చదువును తేల్చే వెబ్ ఆప్షన్ల వరుస మాత్రం చాలామంది విషయంలో పావుగంటలో తేలిపోతోంది. స్నేహితులు పెట్టిన కాలేజీ, పక్కింటి అన్న చదివిన గ్రూపు, ‘ఇది పెట్టు, సీటు గ్యారంటీ’ అని సెంటర్ నడిపే మనిషి చెప్పిన కాంబినేషన్. ఇంట్లో కాస్త చర్చ జరిగినా అది ఏ గ్రూపుకు ఉద్యోగం వస్తుందన్న ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతుంది. దానికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ గ్రూపు వారానికి ఎన్ని గంటలు అడుగుతుంది, నా దగ్గర ఎన్ని గంటలున్నాయి? పరిశ్రమల పట్టీలో ఉంటూ డిగ్రీ చదివే విద్యార్థికి ఈ లెక్కే అన్నిటికన్నా ముఖ్యమని, మార్కులు, బ్యాక్‌లాగులు, చివరికి ఉద్యోగం కూడా చాలావరకు దీని మీదే నిలబడతాయని ఈ అధ్యాయంలో నా వాదన.

డిగ్రీ చదువును క్రెడిట్లలో కొలుస్తారు. ఉస్మానియా పరిధిలో కొన్నేళ్లుగా నడిచిన సీబీసీఎస్ (క్రెడిట్ల ఆధారిత ఎంపిక పద్ధతి) ప్రణాళికలో మూడేళ్లకు 150 క్రెడిట్లు, అంటే సెమిస్టర్‌కు సగటున 25. మొదటి సెమిస్టర్‌లో ఇంగ్లిష్‌కు 4, రెండో భాషకు 4, తప్పనిసరి చిన్న పేపరుకు 2, మూడు ప్రధాన సబ్జెక్టులకు ఒక్కోదానికి 5 చొప్పున 15. బీకాంకైనా బీఎస్సీకైనా కాగితం మీద లెక్క ఇదే. తేడా టైమ్‌టేబుల్‌లో కనిపిస్తుంది. బీకాంలో 5 క్రెడిట్ల పేపరుకు వారానికి 5 పీరియడ్లు సరిపోతాయి, కాబట్టి వారం మొత్తం 25 గంటలు. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ తీసుకున్న అమ్మాయికి ఒక్కో సబ్జెక్టులో 4 క్రెడిట్లు థియరీకి, 1 క్రెడిట్ ప్రాక్టికల్స్‌కు పోతాయి. ఆ ఒక్క క్రెడిట్ కోసం ల్యాబ్‌లో రెండు మూడు గంటలు నిలబడాలి. మూడు సబ్జెక్టులకూ ల్యాబ్ ఉంటే వారం 28 నుంచి 31 గంటలకు చేరుతుంది. ఇంటికొచ్చాక రికార్డు రాసే సమయం, బొమ్మలు వేసే సమయం ఇందులో లేవు. మెమోలో ఇద్దరికీ 25 క్రెడిట్లే ఉంటాయి గానీ ఒకరు కాలేజీకి వారంలో మూడు నుంచి ఆరు గంటలు ఎక్కువ ఇచ్చారు. మీరు చేరే ఏడాదికి మొత్తం క్రెడిట్లు మారి ఉండొచ్చు, అటానమస్ కాలేజీలో పంపకం కొంత వేరుగా ఉండొచ్చు. అందుకే ప్రాస్పెక్టస్‌లో క్రెడిట్ల పట్టిక చూసి ఊరుకోకుండా, కాలేజీకి వెళ్లి నోటీసు బోర్డు మీద పోయిన ఏడాది టైమ్‌టేబుల్ చూసి రావాలి.

కాలేజీ గంటల తర్వాత దారి గంటలు. సంగారెడ్డి నుంచి హైదరాబాద్‌లోని కాలేజీకి రోజూ బస్సులో పోయి వచ్చే విద్యార్థికి, బస్టాండులో నిలబడే సమయం కలుపుకుంటే, పోవడానికి గంటన్నర, రావడానికి గంటన్నర పట్టడం మామూలే. వారానికి ఆరు రోజులంటే 18 గంటలు. బీఎస్సీలో మూడు ప్రధాన సబ్జెక్టుల థియరీ కలిపినా వారానికి 12 గంటలే! యూజీసీ నిబంధన ప్రకారం సెమిస్టర్‌లో కనీసం 90 పనిదినాలుండాలి. రోజుకు మూడు గంటల చొప్పున ఒక్క సెమిస్టర్‌లో 270 గంటలు 65వ నంబరు జాతీయ రహదారి మీద గడిచిపోతాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడపిల్లలకు టికెట్ లేదు. ఇది నిజంగా పెద్ద మేలు, దాని వల్ల సిటీ కాలేజీ చాలా ఇళ్లలో మొదటిసారి మాటల్లోకైనా వచ్చింది. అయితే టికెట్ ఖర్చు పోయినంత మాత్రాన ప్రయాణానికి ఖర్చే లేదనుకోవద్దు, సమయమూ ఖర్చే. పొద్దున ఉద్యోగులను దించే కంపెనీ బస్సులు, లారీలు, నగరానికి పోయే కార్లు పటాన్‌చెరు దగ్గర ఒకే వేళకు కలుస్తాయి. సిటీ కాలేజీ కావాలంటే తప్పకుండా పెట్టండి, కానీ ఆ 270 గంటలకు బదులుగా అక్కడ ఏం దొరుకుతోందో చెప్పగలగాలి. మీకు కావాల్సిన సబ్జెక్టు సంగారెడ్డి తారా ప్రభుత్వ కళాశాలలో గానీ, పటాన్‌చెరు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో గానీ లేకపోతే అది సరైన కారణం. హాస్టల్ దొరికితే లెక్కే మారిపోతుంది. కాలేజీ పేరు బాగుంటుందని మాత్రమే అయితే ఆ కారణం చాలదు.

మూడోది, ఈ ప్రాంతానికే ప్రత్యేకమైనది, షిఫ్టు. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, బొంతపల్లి చుట్టుపక్కల ఇంటర్ పాసైన కుర్రవాడికి ప్యాకింగ్‌లోనో, స్టోర్స్‌లోనో, హెల్పర్‌గానో కాంట్రాక్టరు కింద పని దొరకడం పెద్ద కష్టం కాదు. దాంతో ‘పని చేసుకుంటూ చదువుకుంటాడు’ అన్న మాట ప్రతి ఇంట్లో వినిపిస్తుంది. పొద్దున ఆరు నుంచి రెండు, రెండు నుంచి రాత్రి పది, పది నుంచి తెల్లవారి ఆరు: ఈ మూడు షిఫ్టుల్లో ఏది ఎంచుకున్నా ఎనిమిది గంటలే కదా అనిపిస్తుంది. చిక్కు గంటల సంఖ్యలో కంటే అవి మారడంలో ఉంది. వారం వారం షిఫ్టు మారే పనిలో ఒక వారం పొద్దుటి క్లాసులు, ఇంకో వారం మధ్యాహ్నం ల్యాబ్ పోతాయి. మూడో వారం రాత్రంతా మేలుకుని వచ్చి మొదటి పీరియడ్‌లో కూర్చోవాలి. కళ్లు తెరిచి ఉన్నా బుర్ర పనిచేయదు. 75 శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయడానికే ఇబ్బంది, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ అదే అడ్డు. పని తప్పనిసరైన విద్యార్థికి నేను చెప్పేది ఒక్కటే: జీతం కొంచెం తక్కువైనా మారని వేళలున్న పని చూసుకోండి. సాయంత్రం పూట నాలుగు గంటల మెడికల్ షాపు పని, ఆదివారాల పని, ఒకే షిఫ్టు ఇచ్చే చిన్న యూనిట్ డిగ్రీతో కలిసి నడుస్తాయి. మారే షిఫ్టు తప్పదనుకుంటే రెగ్యులర్ డిగ్రీలో పేరు రాయించి మూడేళ్లు హాజరు కోసం పోరాడే బదులు, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరడం నిజాయితీ గల నిర్ణయం. దాన్ని తక్కువగా చూసే అలవాటు మన ఊళ్లలో ఉంది, అది పోవాలి.

ఇక్కడ మంచి అభ్యంతరమే వస్తుంది. గంటలు తక్కువ అడిగే గ్రూపు తీసుకోమని, అంటే కష్టమైన సైన్సు వదిలేసి తేలికైనదాన్ని పట్టుకోమని చెబుతున్నట్టు కాదా? కాదు. ల్యాబ్ గంటలు ఇవ్వగలిగిన వాళ్లు తప్పకుండా ఇవ్వాలని, ఇవ్వలేని వాళ్లు ఇచ్చినట్టు నటించకూడదని చెబుతున్నాను. తేడా ఎక్కడుందో ఒక ప్రయోగాన్ని దగ్గరగా చూస్తే తెలుస్తుంది. బ్యూరెట్‌లో ద్రావణం పైఅంచు మధ్యలో కిందికి వంగి ఉంటుంది, ఆ వంపు అడుగుకు సరిగ్గా కన్ను పెట్టి అంకె చదవాలి. శంఖు కుప్పెలో ఆమ్లం, అందులో ఫినాఫ్తలీన్ చుక్కలు. పైనుంచి క్షారం పడుతుంటే గులాబీ రంగు వస్తుంది, కుప్పె తిప్పితే పోతుంది. తిప్పినా పోకుండా లేత గులాబీ నిలిచిన చుక్క దగ్గర ఆపాలి. ముదురు గులాబీ వచ్చిందంటే దాటిపోయినట్టే, మళ్లీ చేయాలి. మందుల కంపెనీ నాణ్యత పరీక్షల (క్యూసీ) ల్యాబ్‌లో ఈ ప్రయోగంతో పాటు దాన్ని రాసే పద్ధతి కూడా పనిలో భాగమే. అంకె తప్పు పడితే దిద్దడం, వైట్‌నర్ పూయడం కుదరదు. పాత అంకె కనిపించేలా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, కారణం వేయాలి. చేసిన పని చేసిన వేళకే రాయాలి. మందుల తయారీ ప్రమాణాలను కేంద్రం 2023 డిసెంబరు చివర్లో సవరించిన షెడ్యూల్ ఎం ద్వారా ఇంకా గట్టి చేసింది. ఎగుమతులు చేసే కంపెనీలకు విదేశీ తనిఖీలు ఎలాగూ ఉన్నాయి. ఆ తనిఖీల్లో ముందుగా చూసేది ఇలాంటి రాతలనే.

ఇప్పుడు ల్యాబ్‌కు సమయం లేని విద్యార్థి ఏం చేస్తాడో ఆలోచించండి. సీనియర్ రికార్డు తెచ్చుకుని రీడింగులతో సహా ఎక్కించుకుంటాడు. పరీక్షకు మార్కులు పడతాయి. కానీ మూడేళ్లపాటు అతను నేర్చుకున్న అలవాటు, ఈ చుట్టుపక్కల ఏ క్యూసీ ల్యాబ్‌లోనైనా ఉద్యోగం పోగొట్టే అలవాటు. బీఎస్సీ కెమిస్ట్రీ డిగ్రీ ఉండి, పిపెట్ పట్టడం రాని అభ్యర్థిని ఇంటర్వ్యూలో పది నిమిషాల్లో గుర్తుపడతారు. అదే విద్యార్థి బీకాం చదివి, మిగిలిన గంటల్లో జీఎస్టీ రిటర్నులు, ట్యాలీ, ఎక్సెల్ నిజంగా నేర్చుకుంటే, ఇదే పారిశ్రామికవాడలో చిన్న యూనిట్ల అకౌంట్స్‌లోనో, డిస్పాచ్‌లోనో నమ్మకంగా నిలబడతాడు. గ్రూపు విలువ దానికి ఇచ్చిన గంటలతోనే వస్తుంది. రాష్ట్రంలో ఏటా దోస్త్‌లో ఎక్కువమంది చేరేది బీకాంలోనే. అందులో తప్పేమీ లేదు. ఆ మిగిలిన గంటలను లెక్క లేకుండా పోనిచ్చినప్పుడే తప్పు.

రెండో అభ్యంతరం తల్లుల నుంచి వస్తుంది, అందులో న్యాయముంది. కెమిస్ట్రీ చదివితే చివరికి ఆ ఫ్యాక్టరీల్లోకే కదా పోవాల్సింది? 2025 జూన్ 30న పాశమైలారంలో జరిగిన పేలుడులో 50 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వాళ్లలో చాలామంది పొట్టకూటికి వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. ఆ దుర్ఘటన చూసిన ఇంట్లో ఈ భయం ఉండకపోతేనే ఆశ్చర్యం. యాజమాన్యాలు, తనిఖీ శాఖలు జవాబు చెప్పాల్సిన విషయాన్ని విద్యార్థి గ్రూపు ఎంపిక మీదికి నెట్టడం సరికాదు. అయినా ఒక మాట చెప్పాలి. ఏ పదార్థం ఏ వేడికి ఏమవుతుందో తెలిసిన మనిషి ఆ ఆవరణలో అవసరం. విశ్లేషణ ల్యాబులు, పర్యావరణ పరీక్షలు, భద్రతా విభాగాల్లో కూర్చునే వాళ్లలో చాలామంది కెమిస్ట్రీ చదివినవాళ్లే. చదువు లేకుండా వెళ్లినవాళ్లకు ప్రమాదం గురించి ప్రశ్న అడిగే అవకాశం కూడా ఉండదు. భయం ఉంది కాబట్టి సబ్జెక్టు వదిలేయాలన్నది నాకు సమ్మతం కాదు, సబ్జెక్టును అరకొరగా చదవకూడదన్నది మాత్రం సమ్మతం.

కంపెనీని చూసి గ్రూపు పెట్టుకోవడం గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఇప్పుడు ఫలానా కంపెనీ తీసుకుంటోంది కాబట్టి ఫలానా గ్రూపు అన్న తర్కం మూడేళ్లు నిలవదు. 1961లో పుట్టిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్‌కు బాలానగర్‌లో ఉన్న ఫ్యాక్టరీలో ఒకప్పుడు ఉద్యోగం వస్తే జీవితం స్థిరపడినట్టే అనుకునేవారు. ఆ సంస్థ 1990ల నాటికి ఖాయిలా పడింది. కానీ అక్కడ పనితనం నేర్చుకున్న రసాయన శాస్త్రవేత్తలు బయటికొచ్చి ఈ ప్రాంతపు బల్క్ డ్రగ్ పరిశ్రమకు పునాది వేశారు. 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించిన అంజిరెడ్డి కూడా అంతకుముందు ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. సంస్థ పోయినా చేతిలో పని మిగిలింది. కాబట్టి సబ్జెక్టు ఎంచుకునేటప్పుడు ఏ కంపెనీ అన్నది పక్కనపెట్టి, యజమాని మారినా పనికొచ్చే నేర్పు ఇందులో ఏముందని అడగండి: కొలవడం, లెక్క కట్టడం, రాయడం, ఒక యంత్రాన్ని నడపడం. స్టాటిస్టిక్స్ దొరికే కాంబినేషన్‌ను మన దగ్గర చాలామంది భయపడి వదిలేస్తారు. నాణ్యత విభాగాల నుంచి బ్యాంకుల దాకా దాని అవసరం ఉంది.

పేదింటి పిల్లలకు ఎంచుకునేంత తీరిక ఎక్కడిదని ఇంకొందరంటారు. నా దృష్టిలో ఈ లెక్క అందరికన్నా వాళ్లకే ఎక్కువ కావాలి. డబ్బున్న ఇంట్లో ఒక సంవత్సరం వృథా అయినా సర్దుకుంటారు. కూలి డబ్బుల మీద నడిచే ఇంట్లో ఐదు బ్యాక్‌లాగులు పడితే చదువే ఆగిపోతుంది.

గ్రూపు తేలాక సెమిస్టర్. జూన్, జులైల్లో మొదలయ్యే బేసి సెమిస్టర్‌ను సంగారెడ్డి జిల్లా విద్యార్థి కాలేజీ క్యాలెండరుతో పాటు పొలం క్యాలెండరు కూడా పక్కన పెట్టుకుని చూడాలి. వానాకాలం ఇక్కడ పత్తి ప్రధాన పంట. బతుకమ్మ, దసరా సెలవులు అయిపోతూనే పత్తి ఏరడం జోరందుకుంటుంది, ఇంట్లో ప్రతి చెయ్యీ అవసరమవుతుంది. సరిగ్గా అప్పుడే సిలబస్ చివరి యూనిట్లు, రెండో ఇంటర్నల్, ఆ వెంటనే ప్రాక్టికల్ పరీక్షలు. దసరా తర్వాత చదువుకుందామనుకున్న ప్రతి యూనిట్ పత్తి చేనులో చిక్కుకుంటుంది. అందుకే బేసి సెమిస్టర్‌లో బరువైన సబ్జెక్టు సగానికి పైగా సెప్టెంబరు చివరికి అయిపోవాలి, రికార్డు ఏ వారానిది ఆ వారమే సంతకం చేయించుకోవాలి. కంది ఐఐటీలో సెమిస్టర్‌ను చిన్న చిన్న భాగాలుగా చేసి, కొన్ని కోర్సులను కొన్ని వారాల్లోనే ముగించే పద్ధతి ఉంది. డిగ్రీ కాలేజీలో అది లేదు గానీ, మీ 15 వారాలను మీరే ఐదేసి వారాల మూడు భాగాలు చేసుకోవచ్చు. ఒక్కో భాగం చివర ఒక ఆదివారం పాత ప్రశ్నపత్రంతో మూడు గంటలు కూర్చుంటే ఎక్కడున్నారో మీకే తెలుస్తుంది. బ్యాక్‌లాగు ఉంటే దాన్ని వదిలేసిన సబ్జెక్టుగా చూడొద్దు, ఈ సెమిస్టర్‌లో చేరిన ఇంకో పేపరుగా లెక్కేసి వారానికి రెండు గంటలు ముందే పక్కన పెట్టండి.

మళ్లీ దోస్త్ దగ్గరికి వస్తే, ఆప్షన్ల వరుసను కంప్యూటరు మన ఇష్టంగానే తీసుకుంటుంది. మూడో ఆప్షన్‌లో ‘ఊరికే’ పెట్టిన కాలేజీ వస్తే అదే మీ సీటు. కాబట్టి చేరడానికి సిద్ధంగా లేని ఆప్షన్ పెట్టొద్దు. సీటు వచ్చాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే అది పోతుంది. కాలేజీకి వెళ్లినప్పుడు ప్రిన్సిపాల్ గదిలో కాకుండా సీనియర్లను అడగాల్సినవి రెండున్నాయి. ఈ సబ్జెక్టు చెప్పే అధ్యాపకులు ఏడాదంతా ఉంటున్నారా, ల్యాబ్ నిజంగా ప్రతి వారం జరుగుతోందా? చేరినవాళ్లు మరీ తక్కువైతే కొన్ని కాంబినేషన్లు నడవకపోవచ్చు, అది కూడా కనుక్కోండి. చేరాక గ్రూపు తప్పని తెలిస్తే అదే కాలేజీలో మార్చుకోవడానికి ఇంట్రా కాలేజీ విడత ఇస్తారు. ఆ కొద్ది రోజులు దాటితే మార్పు చాలా కష్టం.

పై సెమిస్టర్లలో ఎంపిక ఇంకాస్త మన చేతికి వస్తుంది, చాలామంది దాన్ని గమనించరు. రెండు క్రెడిట్ల స్కిల్ పేపర్లను అందరూ తీసుకున్నదే తీసుకుంటారు. మీ కాలేజీలో లేని సబ్జెక్టును స్వయం పోర్టల్ నుంచి చదివి క్రెడిట్లు కలుపుకోవచ్చు, సెమిస్టర్‌లోని కోర్సుల్లో 40 శాతం దాకా అలా అనుమతించే వీలు యూజీసీ 2021 నిబంధనల్లో ఉంది. అయితే ముందుగా మీ కాలేజీ ఒప్పుకోవాలి. అన్నిటికన్నా నేను పట్టుబట్టి చెప్పేది ఆరో సెమిస్టర్ ప్రాజెక్టు గురించి. దాని బదులు ఇంకో పేపరు రాసే వీలుంటే ఎక్కువమంది అటే పోతారు. ప్రాజెక్టు ఎక్కువ గంటలు అడుగుతుందన్నది నిజమే, కానీ ఇంటర్వ్యూలో మీది అని చెప్పుకోదగ్గ పని అదొక్కటే. కెమిస్ట్రీ విద్యార్థికి ఈ నేల మీద విషయం వెతుక్కోవాల్సిన పని లేదు. పరిశ్రమల వ్యర్థాలతో పాడై, 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కాలుష్యం కేసులో నలిగిన నక్కవాగు ఇక్కడే పారి మంజీరలో కలుస్తుంది. ఆ వాగు పక్క ఊళ్ల బావుల్లో పీహెచ్, కాఠిన్యం, క్లోరైడ్లు, టీడీఎస్ కొలవడానికి డిగ్రీ కాలేజీ ల్యాబ్ సరిపోతుంది. కానీ వానాకాలం నీరు, వేసవి నీరు పోల్చకపోతే అంకెలకు అర్థం ఉండదు. ఆరో సెమిస్టర్ నడిచేది చలికాలం, వేసవిలో. వానలు పడేది ఐదో సెమిస్టర్‌లో. కాబట్టి ఐదో సెమిస్టర్ టైమ్‌టేబుల్ చేతికొచ్చిన వారమే గైడ్‌గా ఉండే అధ్యాపకులను కలవండి. ఏ ఊళ్లు, ఎన్ని బావులు, ఏ తేదీలు అన్నది ఒక పేజీలో రాసుకోండి. ఆగస్టు దాటకుండా మొదటి నమూనాలు ల్యాబ్‌కు చేరాలి.